పదిహేను పళ్ల చక్రం

నాకు కోపం ముక్కు మీద ఉండేది, లెక్క వేళ్ల కొసన ఉండేది. లెక్క నాకు అన్నం పెట్టింది. కోపం నన్ను ఎనిమిదేళ్లు ఒకే షెడ్డులో పని నేర్చుకునేవాడిగానే కూర్చోబెట్టింది. ఆ ఎనిమిదేళ్లకు చివర ఒక పళ్లచక్రం ఉంది. దాని సంగతే చెబుతాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నంద్యాలలో రైలుస్టేషనుకు పోయే దారిలో రేకుల షెడ్డు మాది. మాది అంటున్నాను గానీ అది మా ఉస్తాద్‌ది. ఆయిల్ ఇంజన్లు, లారీలు, శనక్కాయలు ఒలిచే మిషన్లు, ఏది మొరాయించినా జనం అక్కడికే తెచ్చేవాళ్లు. ఉస్తాద్ తండ్రి గుర్రపు నాడాలు కొట్టినవాడు. ఉస్తాద్ ఇనుముతో మాట్లాడేవాడు, మనుషులతో తక్కువ.

ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. పని నేర్చుకునే వాళ్లనందర్నీ ఉస్తాద్ "ఒరే" అనే పిలిచేవాడు. ఏదో ఒక రోజు, బండి తెచ్చిన ఆసామి ముందర, ఉన్నట్టుండి "మేస్త్రీ" అని పిలిచేవాడు. అంతే. దానికి పూజ లేదు, పత్రం లేదు. ఆ మాట ఒకసారి ఆయన నోట్లోంచి వస్తే నంద్యాల నుంచి బనగానపల్లె దాకా ఏ షెడ్డులోనైనా ఆ మనిషి మాట చెల్లేది. ఆ మాట రాకపోతే ఎంత పనిమంతుడైనా సరే, వాడు బిగించిన బోల్టును చూసి జనం "ఉస్తాద్ చూసినాడా?" అని అడిగేవాళ్లు. నన్ను ఎనిమిదేళ్లు అట్లాగే అడిగారు. ఆ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

నాకన్నా ముందు చేరిన ఇద్దరు ఐదేళ్లకే ఆ పిలుపు అందుకుని వెళ్లి సొంత షెడ్లు పెట్టుకున్నారు. వాళ్లిద్దరికన్నా నా చెయ్యి మంచిది. ఇది గొప్పకు చెప్పడం లేదు, ఆ రోజుల్లో ఎవరిని అడిగినా ఇదే చెప్పేవాళ్లు. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను.

"నా చేతిలో ఏం తక్కువైంది ఉస్తాద్?"

"చెయ్యి మేస్త్రీదే రా," అన్నాడు, తల ఎత్తకుండా. "నోరు ఇంగా కాలే."

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటికి ఊళ్లో సగం మంది దూరం. ఎవరి పనిలో తప్పు కనిపించినా అక్కడికక్కడే, పదిమంది వినేటట్టు చెప్పేసేవాణ్ణి. తప్పును తప్పనడానికి భయమెందుకని నా వాదన. అప్పటికి ఉస్తాద్ కళ్లకు శుక్లాలు కమ్ముతున్నాయి. ఆయన ఒప్పుకునేవాడు కాదు. నట్టు సైజు చూడాలంటే వెలుతురులోకి వెళ్లి, చూసినట్టే నటించి, బొటనవేలితో తడిమి చెప్పేవాడు. షెడ్డులో అందరికీ తెలుసు. ఆ ఒక్క సంగతి మాత్రం నేను కూడా నోరెత్తేవాణ్ణి కాదు.

ఇట్లా ఉండగా ఆళ్లగడ్డ పక్క ఊళ్లోని ఒక పెద్దాయన మా షెడ్డుకు వచ్చాడు. తరతరాలుగా సేద్యం ఉన్న ఇల్లు వాళ్లది. వాళ్ల ఇంటికీ, శిరివెళ్ల వైపు ఇంకొక ఇంటికీ బండలాగుడులో పోటీ. తిరునాళ్లకు నలుగురి ముందర ఎద్దుల జతకు బండను కట్టి, రెండు గుర్తు రాళ్ల మధ్య అటూ ఇటూ లాగించడం, ఎవరి జత ఎక్కువ దూరం లాగితే వాళ్లు మీసం తిప్పడం. ఆ ఏడు గాలికుంటు వచ్చింది. రెండిళ్ల ఎడ్లకూ కాళ్లు పుండ్లయి మేతకు కూడా లేవలేదు. తిరునాళ్లు ఆగదు కదా, మీసాలూ ఆగవు. ఎడ్లు లేకపోతే ఏం, మోటారు బండ్లతో తేల్చుకుందామని ఇద్దరూ పదిమందిలో మాట అనేసుకున్నారు.

"మదరాసులో మిలిటరీ వాళ్లు వేలమేస్తే ఒక మోటారుసైకిలు కొన్న్యా," అన్నాడు పెద్దాయన. "దాని ఇంజను పీకి నాలుగు చక్రాల పందెం బండి చెయ్యాల సాయబూ. తిరునాళ్లకు రెండు నెల్లుండాది. అవతలాయన కర్నూల్లో చేయిస్తాండాడంట."

ఉస్తాద్ నా వైపు చూడకుండానే చెయ్యి చాపి చూపించాడు. "వీడు చేస్తాడప్పా. ముందు చక్రం కాడ్నుంచి అంతా వీడే తేలుస్తాడు. నేను చెయ్యి పెట్టను."

పెద్దాయన వెళ్లాక నాతో, "ఇది నీది. చూస్తాం," అన్నాడు. ఆ "చూస్తాం"లో ఏముందో నాకు అర్థమైంది. ఈ బండి గెలిస్తే నేను మేస్త్రీని. ఆ రాత్రి అన్నం తిన్నానో లేదో కూడా గుర్తు లేదు.

బండి చేయడం నాకు పెద్ద పనేం కాలేదు. ఇనుప గొట్టాలతో చట్రం, దాని మీద ఒక్క మనిషి కూర్చునే సీటు, ముందర రేకు ముక్కు. ఇంజను సీటు వెనకాల. నేను సన్నగా ఉండేవాణ్ణి, బండి కూడా నేనే తోలాలని పెద్దాయన అన్నాడు. బరువు తగ్గినంత మంచిదని నాకూ తెలుసు. తేల్చుకోవలసింది ఒకటే మిగిలింది, ముందు చక్రం.

తెలియని వాళ్లకు చెబుతాను. ఇంజను పెట్టెలోంచి బయటికి వచ్చే ఇరుసుకు ఒక చిన్న పళ్లచక్రం ఉంటుంది. అది ముందు చక్రం. స్ప్రాకెట్ అంటారు. బండి వెనక ఇరుసుకు ఒక పెద్దది. రెండింటికీ కలిపి ఒక చైను. ముందు చక్రానికి ఒక పన్ను పెంచితే బండికి పరుగు పెరుగుతుంది, లాగే బలం తగ్గుతుంది. ఒక పన్ను తగ్గిస్తే బలం పెరుగుతుంది, పరుగు తగ్గుతుంది. రెండూ కావాలంటే కుదరదు. వెనక చక్రానికి రెండు మూడు పళ్లు మారిస్తే వచ్చే తేడా ముందు ఒక్క పన్నుతో వస్తుంది. అందుకే ముందు చక్రం ఎంచేవాడిదే అసలు బాధ్యత.

మోటారుసైకిలుతో పంతొమ్మిది పళ్లది వచ్చింది. నేను పద్దెనిమిదిది ఒకటి, పదిహేడుది ఒకటి సొంతంగా కోశాను. మూడింటినీ సంచిలో వేసుకుని, ఒక రైల్వే గార్డు దగ్గర జేబుగడియారం అడిగి తెచ్చుకుని, బండిని శిరివెళ్ల దాటించాను. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే రోడ్డులో ఆ ముక్క సాపుగా ఉండేది. మైలురాళ్లకు, ఫర్లాంగు రాళ్లకు కొత్తగా సున్నం కొట్టి ఉంది. తెల్లవారి ఎండ రాకముందు బస్సులు కూడా ఉండేవి కావు. గడియారాన్ని స్టీరింగు దగ్గర కట్టుకుని ఒక మైలురాయి నుంచి ఇంకో మైలురాయికి తోలాను. పంతొమ్మిదితో ఇంజను రొప్పింది, ఎంత తొక్కినా నిమిషం మీద ఐదు సెకన్లు పట్టింది. పదిహేడుతో ఇంజను అరిచి గోల చేసింది గానీ నిమిషం మీద మూడు సెకన్లు. పద్దెనిమిదితో నిమిషానికి రెండు సెకన్లు తక్కువ. నాలుగు రోజులు అదే రోడ్డు మీద అదే పని చేశాను. నాలుగు రోజులూ పద్దెనిమిదే గెలిచింది.

ఆ రోజుల్లో నిమిషంలో మైలు అంటే నంద్యాలలో ఎవరూ నమ్మలేదు. నమ్మేదాకా నేను ఊరుకోలేదు. స్టేషను ముందర టీ అంగడిలో కూర్చుని, పందెం అయిపోయినట్టే చెప్పాను. కర్నూలు బండి చేసినవాడికి ముందు చక్రమంటే ఏందో తెలియదని, వాడు పంతొమ్మిదే వేసుంటాడని కూడా అన్నాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నా వరస. అప్పుడు నాకది తెలియలేదు.

సాయంత్రం షెడ్డుకు వస్తే ఉస్తాద్ అడిగాడు.

"నేల తొక్కినావా?"

"ఏ నేల ఉస్తాద్?"

"పందెం నేల."

"నేలదేముంది? నాలుగు దినాలు రోడ్డు మీద చూసినా కదా. లెక్క లెక్కే. శిరివెళ్ల కాడ తిరిగిన చక్రం ఆళ్లగడ్డ కాడ తిరగదా?" అని విసురుగానే అన్నాను.

"అట్లనా," అన్నాడు.

మర్నాడు పొద్దున ఆయన షెడ్డులో లేడు. ఆళ్లగడ్డ బస్సెక్కి పోయాడని చెప్పారు. ఆ కళ్లతో ఒంటరిగా బస్సెక్కే మనిషి కాదు. మధ్యాహ్నం పొద్దు వాలాక వచ్చాడు. చెప్పుల నిండా ఎర్ర గరుసు దుమ్ము. చేతులు కడుక్కుని, నీళ్లు తాగి, నాతో ఒకే మాట అన్నాడు. "రేప్పొద్దున నువ్వు పొయ్యి తొక్కి రా."

నాకు ఒళ్లు మండింది. అయినా వెళ్లాను. పందేనికి ఇంకా నాలుగు రోజులుంది.

ఊరి బయట గులకరాళ్లు కలిసిన గరుసు నేల. పెద్దాయన నన్ను వెంటబెట్టుకుని పోయి చేతికర్రతో చూపించాడు. రెండు రాళ్లు, వాటి మధ్య రెండు ఫర్లాంగులకు మించి లేదు.

"ఈ రాయి కాడ్నుంచి ఆ రాయి కాడికి," అన్నాడు. "రాయి సుట్టు తిరుక్కోని మళ్లా ఈడికి. పది నిమిషాలు గడియారం పెడతారు. ఎన్ని తూర్లు తిరిగితే అంత."

నేను ఒక రాయి నుంచి ఇంకో రాయికి చూశాను. "రెండు బండ్లూ ఒక్కసారే ఇడిసిపెట్టరా అప్పా? ఎవరు ముందొస్తే వాళ్లు కాదా?"

ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "యాడన్నా రెండు జతలు ఒక్కసారే కడతారా అబ్బీ? ఒకటి లాగినంక ఇంగొకటి. ఎడ్లకేది రూలో బండ్లకూ అదే రూలు. మాకు తెలిసిన పందెం ఇదొక్కటే."

తప్పు ఆయనది కాదు. ఆయన చెప్పలేదు, ఎందుకంటే అది ఆ నేల మీద పుట్టిన ఎవరికైనా తెలిసిన సంగతి. నేను అడగలేదు, ఎందుకంటే పందెమంటే ఎదురుగా గీత, గీత దాకా పరుగు అని నేనే అనుకున్నాను. ఎండలో ఆ రెండు రాళ్ల మధ్య నడిచాను. మూడు వందలు, నాలుగు వందల అడుగులు పోయేసరికే తెలిసిపోయింది. నా పద్దెనిమిది పళ్ల చక్రం ఊపందుకునే లోపల ఎదురుగా రాయి వస్తుంది. అక్కడ బండి దాదాపు నిలబడాలి, తిరగాలి, గరుసులో మళ్లీ మొదటి నుంచి లాగాలి. పది నిమిషాల్లో పదహారు, పద్దెనిమిది సార్లు ఇదే పని. ప్రతి మలుపు దగ్గరా నా బండి కాలు కుంటిన ఎద్దులా అయిపోతుంది. నిమిషంలో మైలు ఇక్కడ ఎవరికి కావాలి? ఇక్కడ కావలసింది మలుపు తిరిగిన మరుక్షణం లాగే బలం. నేల విడిచి సాము అంటారే, నాలుగు రోజులు రోడ్డు మీద నేను చేసింది అదే.

బస్సులో వస్తూ లెక్క వేశాను. పదిహేను వచ్చింది. పద్నాలుగైతే ఇంజను ఊరికే అరుస్తుంది, పదహారైతే గరుసులో తడబడుతుంది. పదిహేనే. టీ అంగడిలో నేను అన్న మాటలన్నీ గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. దిగాక ఆ అంగడి ముందరి నుంచి కాకుండా చుట్టూ తిరిగి షెడ్డుకు వెళ్లాను.

ఉస్తాద్ అప్పటికే ఉక్కు బిళ్ల ఒకటి బిగింపులో పెట్టి దాని ముందర కూర్చున్నాడు. బిళ్ల మీద వృత్తం గీసి, భాగాలు చేసి, చుట్టూ పంచ్ ఉలితో గుర్తులు కొట్టి ఉన్నాయి. లెక్కపెట్టాను. పదిహేను.

"నాక్కూడా పదిహేనే వచ్చింది ఉస్తాద్," అన్నాను. నోరు ఊరుకుంటుందా!

"ముందే రావల్ల," అన్నాడు.

"నేను కోస్తా. మీరు లెయ్యండి."

"నువ్వు ఇంజను ముందుకు జరుపు. చైను తీసి కురచ చెయ్యి. ఇది నేను కోస్తా." ఆయన గొంతులో కోపం లేదు. అడ్డు చెప్పే సందు కూడా లేదు.

ముందు చక్రం చిన్నదైతే చైను వదులవుతుంది. లింకులు తీసి, ఇంజనును ముందుకు జరిపి, మళ్లీ వరస కలపాలి. నేను ఆ పని మీద పడ్డాను. కానీ చెవులన్నీ ఆయన ఆకురాయి చప్పుడు మీదే ఉన్నాయి. రెండు దినాలు ఆయన కదల్లేదు. రంధ్రాలు వేశాడు, రంపంతో చీల్చాడు, ఒక్కొక్క పన్నునూ ఆకురాయితో అరగదీశాడు. నాలుగు రాపిడులు, ఒకసారి బొటనవేలితో తడమడం. మళ్లీ నాలుగు రాపిడులు. చూడడం అనేది లేదు. తల కూడా కొంచెం పక్కకు తిప్పుకుని ఉండేవాడు, ఎవరో చెప్పే మాట వింటున్నట్టు.

చివరికి చక్రాన్ని బొగ్గుల్లో పెట్టి ఎర్రగా కాల్చి నూనెలో ముంచాలి. ఉక్కుకు గట్టితనం వచ్చేది దానితోనే. ఎప్పుడు తియ్యాలో చెప్పేది రంగు. అప్పుడు ఆయన నన్ను దగ్గరికి పిలిచాడు.

"రంగు చెప్పు," అన్నాడు.

ఎనిమిదేళ్లలో ఆ మాట ఎప్పుడూ అడగలేదు. రంగు చూసేది ఆయనే, నాకు నేర్పిందీ ఆయనే. "ఇంగా నల్లెరుపే ఉస్తాద్," అన్నాను. కాసేపటికి, "ఇప్పుడు దానిమ్మ గింజ," అన్నాను. పట్టకారుతో పట్టి నూనెలోకి వదిలాడు. పొగ లేచింది. ఆ పొగకే కళ్లు మండాయన్నట్టు ఇద్దరం కళ్లు తుడుచుకున్నాం.

శుక్రవారం పొద్దున చక్రం నా చేతికిచ్చాడు. "బిగించు. నేను జుమ్మాకు పోతాండా," అని స్నానానికి వెళ్లిపోయాడు.

బిగించే ముందు చైనును చక్రం మీద వేసి తిప్పి చూడడం నా అలవాటు. వేశాను. చైను చక్కగా కూర్చుంది, ఒక్కచోట తప్ప. అక్కడ లింకు వెంట్రుక మందం పైకి లేస్తోంది. తిప్పినప్పుడల్లా టక్ అని చిన్న చప్పుడు. మొదటి పన్ను పక్కన ఉస్తాద్ పంచ్‌తో కొట్టిన గుర్తు నుంచి లెక్కపెట్టాను. ఏడో పన్ను. ఒక పక్క లావుగా ఉంది. కళ్లుంటే ఉస్తాద్ చేతి నుంచి అలాంటి పన్ను జన్మలో వచ్చేది కాదు.

అది అట్లాగే బిగిస్తే మలుపు దగ్గర ఒక్కసారిగా లాగినప్పుడు చైను ఎగిరి తెగుతుంది. చుట్టూ జనం ఉంటారు. చెప్పాలి. ఏ పనిలో తప్పు కనిపించినా చెప్పే మనిషిని కదా నేను! అప్పటికి ఎనిమిదేళ్లుగా అందరికీ చెబుతూనే ఉన్నాను. కానీ ఈయనకు చెబితే ఆయన ఇక ఆకురాయి పట్టడు. అది నాకు ఖాయంగా తెలుసు. ఇంకో చక్రం నేనే కోసి వేద్దామా అంటే రెండు నిండు రోజుల పని, అంత సమయం లేదు, ఉన్నా షెడ్డంతా చూస్తుంది.

ఆకురాయి తీసి ఆ పన్ను మీద పెట్టాను. జారిపోయింది. కాల్చి ముంచిన ఉక్కు కదా, ఆకురాయికి లొంగదు. సానరాయి తీసి నూనె వేసి రాయడం మొదలుపెట్టాను. రాయడం, చైను వేసి చూడడం, మళ్లీ రాయడం. చూపుడువేలి చర్మం లేచిపోయింది. పక్కన పనిచేసేవాళ్లు ఏందని అడిగితే తుప్పు అన్నాను. కొత్త చక్రానికి తుప్పేందని వాళ్లు అడగలేదు, నా నోటికి జడిసి. నా నోరు నాకు పనికొచ్చిన సందర్భం అదొక్కటే. మసీదు నుంచి జనం తిరిగొచ్చే వేళకు చైను పదిహేను పళ్ల మీదా ఒక్కలా కూర్చుంది. టక్ అనే చప్పుడు పోయింది.

ఉస్తాద్ వచ్చి బండి పక్కన నిలబడ్డాడు.

"చైను కూర్చునిందా?"

"కూర్చునింది ఉస్తాద్."

"పదిహేనూ?"

"పదిహేనూ."

అబద్ధం కాదు. అయినా ఆయన ముఖం వైపు చూడలేకపోయాను.

ఆదివారం తిరునాళ్లు. పెద్దాయన బండి ముక్కుకు పసుపు, కుంకుమ పెట్టించి, ఎడ్ల మెడలో కట్టే గంటల పట్టెడను తెచ్చి దానికి కట్టించాడు. చీటీ వేస్తే కర్నూలు బండికి ముందు వచ్చింది. ఎర్ర రంగు, నిగనిగలాడుతోంది. రెండు రాళ్ల మధ్య అది ఉరికిన ఉరుకుకు జనం ఈలలు వేశారు. నేను మాత్రం మలుపు దగ్గరే చూశాను. రాయి చుట్టూ తిరగగానే దగ్గింది, వణికింది, ఊపందుకోవడానికి సగం నేల తినేసింది. నేను టీ అంగడిలో చెప్పింది ఒక్కటి మాత్రం నిజమే, వాడు పెద్ద చక్రమే వేశాడు. పది నిమిషాలకు ఎనిమిది తూర్లు తిరిగి, తొమ్మిదోది మొదలుపెట్టి కొంచెం దూరం పోయింది.

తర్వాత నేను. మొదటి పరుగుకే జనం నవ్వారు. నా బండి అరుపు ఎక్కువ, పరుగు తక్కువ. "ఏందప్పా, గానుగెద్దును తెచ్చినారే!" అని ఎవడో అరిచాడు. నేను అవతలి రాయి దగ్గర బ్రేకు తొక్కి, రెండో గేరుకు దించి, ఒళ్లు లోపలికి వంచి తిప్పాను. వెనక చక్రాలు గరుసులో జారాయి. తొక్కాను. బండి గంటలు మోగించుకుంటూ ఒక్క గుంజున బయటపడింది. రెండో మలుపు దగ్గరా అంతే. ఆ రెండో మలుపులోనే గెలిచానని నాకు తెలిసిపోయింది. నవ్విన గొంతు మళ్లీ వినపడలేదు. అయినా ప్రతి మలుపులోనూ నా చెవులు ఒక్క చోటే ఉన్నాయి. ఇంజను మోత కింద, గంటల కింద, చైను చప్పుడు. టక్ అంటుందేమోనని. అనలేదు. గడియారం ఆపేసరికి తొమ్మిది తూర్లు దాటి, పదోదానిలో అవతలి రాయి చుట్టి సగం దూరం వెనక్కి వచ్చాను.

జనం బండినీ నన్నూ కలిపి ఎత్తినంత పని చేశారు. పెద్దాయన మీసం మీద చెయ్యి తీయలేదు. ఆ సందట్లో ఉస్తాద్ ఎవరిదో భుజం పట్టుకుని నడుచుకుంటూ వచ్చి బండి పక్కన చతికిలబడ్డాడు.

"మూత తియ్," అన్నాడు.

చైను మూత విప్పాను. ఇంజను చల్లారేదాకా ఆయన అట్లాగే కూర్చున్నాడు. తర్వాత చైను సడలించమని చెప్పి, చక్రం మీద బొటనవేలు పెట్టాడు. మొదటి పన్ను పక్క పంచ్ గుర్తు పట్టుకుని, అక్కడి నుంచి ఒక్కొక్క పన్ను పక్కనా తడుముతూ పోయాడు. ఒకటి, రెండు, మూడు. ఏడో దాని దగ్గర వేలు ఆగింది. ఆరో దాని మీదికి వెనక్కి వచ్చి, మళ్లీ ఏడుకు పోయింది.

"నా ఆకురాయి గీతలు అడ్డంగా ఉంటాయి," అన్నాడు నాకొక్కడికే వినపడేటట్టు. "ఇది నున్నగా ఉండాది."

నేను మూత బోల్టులు ఏరుకుంటున్నాను.

"ఎప్పుడు?"

"మీరు జుమ్మాకు పోయినప్పుడు ఉస్తాద్."

"నాకేల చెప్పల్యా?"

ఊరందరికీ జవాబు చెప్పిన నోరు నాది. ఆయన మాత్రం నా జవాబు కోసం చూడలేదు. మిగిలిన ఎనిమిది పళ్లూ వరసగా తడిమి, గుడ్డపీలికతో వేళ్లు తుడుచుకుని, నా భుజం పట్టుకుని లేచాడు.

ఇంతలో పెద్దాయన నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. "సాయబూ, ఆ చక్రం నీ చేతిదంట కదా! కండ్లు కనపడవని ఎవుడన్నాడు నీకు? పదిహేనుకు పదిహేను పండ్లు ముత్యాల మాదిరి కోసినావంట!"

ఉస్తాద్ ఆయన గొంతు వచ్చిన వైపు తిరిగాడు. "పద్నాలుగేప్పా నావి," అన్నాడు. "ఒగటి మా మేస్త్రీది."

పెద్దాయనకు ఆ లెక్క అర్థం కాలేదు. మేస్త్రీ ఎవరా అని చుట్టూ చూశాడు. నేను మోకాళ్ల మీద కూర్చుని చైను మూత బిగిస్తున్నాను. ఒక్క బోల్టు కూడా కళ్లకు సరిగా కనపడలేదు, బొటనవేలితో తడిమి బిగించాను.